సర్కారు అప్పు ఎందుకు తీరదు?



కొన్ని వారాల క్రితం ధర్మవరంలో ఆదివారం ఆరాధన ముగించుకొని బయటికి వస్తుంటే, మెట్ల దగ్గర ఒక పెద్దాయన ఆపారు. నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్న మనిషి. చెప్పులు వేసుకుంటూనే అడిగారు: “అయ్యగారూ, ముడిపట్టు కోసం నేను యాభై వేలు అప్పు చేస్తే మా ఇంటామె నెల రోజులు మాట్లాడదు. సర్కారోళ్లు ఏటా వేల కోట్లు, లక్షల కోట్లు అప్పు చేస్తారు. మళ్లీ టీవీలో బడ్జెట్ బ్రహ్మాండమంటారు. తీర్చాల్నన్న భయమే లేదా వాళ్లకు?”

అక్కడ నిలబడి చెప్పే జవాబు కాదది. “రాస్తాను, చదవండి” అన్నాను. ఈ వారం సంపాదకీయం ఆయనకు ఇచ్చిన మాట కోసం. ఏ పార్టీనీ మోయడానికో, ఏ పార్టీనీ దించడానికో కాదు. ఆ లెక్క మన ఇంటి లెక్క కూడా కనుక.

లోటు వేరు, అప్పు వేరు

ముందుగా రెండు మాటలు విడదీసుకుందాం. లోటు అంటే ఒక ఏడాదిలో ప్రభుత్వం పెట్టే ఖర్చుకూ, అప్పు కాకుండా వచ్చే ఆదాయానికీ మధ్య ఉన్న తేడా. దీనినే ద్రవ్యలోటు అంటారు. అప్పు అంటే అన్నేళ్ల లోట్లూ చేరి నిలిచిన మొత్తం. లోటు వాగు లాంటిది, అప్పు చెరువు లాంటిది. “ఈ ఏడాది లోటు తగ్గించాం” అని మంత్రిగారు చెబితే చెరువు తగ్గిందని కాదు, వాగు కాస్త సన్నగా పారిందని మాత్రమే. వాగు పారినంత కాలం చెరువు నిండుతూనే ఉంటుంది. పత్రికలు చదివేటప్పుడు మనలో చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2025-26 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం వేసుకున్న ఖర్చు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అప్పులు కాక రావలసిన ఆదాయం 34.96 లక్షల కోట్లు. తేడా 15.69 లక్షల కోట్లు. దేశ స్థూల ఉత్పత్తిలో ఇది 4.4 శాతం. బడ్జెట్ పత్రాల్లో వేసే రూపాయి బొమ్మ ప్రకారం, ఖజానాకు చేరే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పే. బయటికి వెళ్లే ప్రతి రూపాయిలో 20 పైసలు పాత అప్పుల వడ్డీ.

మన రాష్ట్రానికి వస్తే, అనంతపురం జిల్లా ఉరవకొండ నుంచి ఎన్నికైన ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 2025 ఫిబ్రవరి 28న ప్రవేశపెట్టిన బడ్జెట్ మొత్తం 3,22,359 కోట్లు. అందులో ద్రవ్యలోటు 79,926 కోట్లు. 365 రోజులకు పంచి చూస్తే రోజుకు దాదాపు 219 కోట్లు. మనం నిద్రపోయిన రోజున, పండుగ చేసుకున్న రోజున కూడా.

ప్రభుత్వానికి ముసలితనం లేదు

మగ్గం పెద్దాయన మొదటి ప్రశ్న భయం గురించి. ఆయనకు భయం ఎందుకుంది? ఆయన చేతులు ఒకరోజు ఆగిపోతాయి. అప్పిచ్చిన సావుకారుకు ఆ సంగతి తెలుసు. అందుకే మనిషి బతికుండగానే అసలు రాబట్టుకోవాలని చూస్తాడు.

ప్రభుత్వానికి ఆ ముసలితనం లేదు. ముఖ్యమంత్రులు మారతారు, ఖజానా ఉంటుంది. పన్నులు వేసే అధికారం ఉంటుంది. గడువు వచ్చిన పాత బాండుకు కొత్త బాండు అమ్మి డబ్బు కడుతుంది. అసలు తీరదు, చేతులు మారుతుంది. వడ్డీ తప్పకుండా వస్తున్నంత కాలం అప్పిచ్చేవారికి బెంగ లేదు.

ఇది మోసం కాదా అని అడగవచ్చు. ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఒక రాష్ట్రం ఏటా సంపాదించేది 100 అనుకోండి, అప్పు 60 అనుకోండి. వడ్డీ నూటికి 7. అంటే వడ్డీ 4.20. ఆ వడ్డీని కూడా కొత్త అప్పుతోనే కట్టారనుకుందాం. అప్పు 64.20 అయింది. కానీ ఆ ఏడాది సంపాదన 10 శాతం పెరిగి 110కి చేరింది. అప్పుడు 100 రూపాయల సంపాదనకు అప్పు 58.36 మాత్రమే. అప్పు పెరిగింది, భారం తగ్గింది! అదే సంపాదన 5 శాతమే పెరిగి ఉంటే? 100కు 61 పైచిలుకు అవుతుంది. కాబట్టి ఆర్థికవేత్తలు చూసేది అప్పు ఎంత అని కాదు, సంపాదన పెరిగే వేగం వడ్డీ రేటును దాటుతోందా లేదా అని. దాటుతున్నంత కాలం ప్రభుత్వాలు ఊపిరి తీసుకుంటాయి. వేగం తగ్గిన ఏడాది ఊపిరాడదు. 2031 మార్చి నాటికి తన అప్పును స్థూల ఉత్పత్తిలో 50 శాతం దగ్గరికి తెస్తానని కేంద్రం చెబుతున్నది ఈ లెక్కను నమ్మే. అప్పు మొత్తం తగ్గిస్తానని ఎక్కడా చెప్పలేదు.

మరి అప్పు ఇచ్చేదెవరు? ప్రపంచ బ్యాంకు అని చాలామంది అనుకుంటారు. అది కొంత మాత్రమే. రాష్ట్రాల తరఫున రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారాల్లో బాండ్ల వేలం వేస్తుంది. కొనేవారు బ్యాంకులు, జీవిత బీమా సంస్థలు, ప్రావిడెంట్ ఫండ్లు. బ్యాంకులు తమ డిపాజిట్లలో 18 శాతం ఇలాంటి ప్రభుత్వ పత్రాలు, బంగారం వంటి భద్రమైన ఆస్తుల్లో ఉంచాలన్న నిబంధన కూడా ఉంది. అంటే హిందూపురం బ్యాంకులో మీరు వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, మీరు కట్టే బీమా వాయిదా తిరిగి తిరిగి సర్కారు చేతికే చేరుతున్నాయి. ప్రభుత్వానికి అప్పిచ్చిన సావుకారు మనమే!

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వడ్డీ కట్టే డబ్బు అందరి నుంచి వస్తుంది. సబ్బు కొన్న కూలీ తల్లి కూడా జీఎస్‌టీ కడుతుంది. వడ్డీ చేరేది మాత్రం దాచుకోగలిగినవారికి. డిపాజిట్ లేనివారి నుంచి డిపాజిట్ ఉన్నవారికి ఏటా నిశ్శబ్దంగా డబ్బు మారుతోంది. “మన అప్పు మనకే కదా” అనేవారు ఈ సంగతి చెప్పరు.

మందిరం అప్పు, జీతం అప్పు

నా పరిచర్య తొలినాళ్లలో ఒక సంఘంలో జరిగినది చెబుతాను. మందిరం పైకప్పు వేయడానికి పెద్దలు కూర్చొని అప్పు తీర్మానం చేశాం. పదేళ్లలో కానుకలతో తీరుద్దామన్నాం. తప్పేమీ లేదు. ఆ కప్పు కింద ముప్పై ఏళ్లు కూర్చుంటారు, కూర్చునేవారే తలా కొంత కడతారు. కానీ డబ్బు చేతికొచ్చిన నెలలోనే కరెంటు బిల్లు వచ్చింది, ఆ తరువాత సభల ఖర్చు వచ్చింది. “ఇందులోంచి వాడి తర్వాత వేద్దాం” అన్నారు. నేనూ కాదనలేదు. ఏడాది తిరిగేసరికి అప్పు ఉంది, వడ్డీ ఉంది, కప్పు లేదు. ఆ వానాకాలం బల్లలు మూలకు జరుపుకొని ఆరాధన చేశాం. వాక్యం చెబుతుంటే నా తల మీద పడిన చినుకులు ఇప్పటికీ గుర్తున్నాయి.

ప్రభుత్వ లెక్కల్లో ఈ తేడాకు పేరుంది. కాలువ, రోడ్డు, ఆసుపత్రి భవనం కట్టే ఖర్చు మూలధన వ్యయం. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు రెవెన్యూ వ్యయం. రోజువారీ ఆదాయం రోజువారీ ఖర్చుకు కూడా చాలకపోతే ఆ తేడా రెవెన్యూ లోటు. మనం పట్టించుకోవలసిన అంకె ఇదే.

మన ప్రాంతంలోనే చూడండి. శ్రీశైలం జలాశయం నుంచి మల్యాల దగ్గర కృష్ణా నీళ్లను ఎత్తి, మెట్టు మెట్టుకీ పంపులతో తోడి రాయలసీమకు తెచ్చేది హంద్రీ-నీవా పథకం. 2012లో జీడిపల్లి జలాశయానికి నీళ్లు చేరాయి. తరువాత పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి వచ్చాయి. ఆ నీళ్లు ఉన్నందునే ఎర్రమంచి దగ్గర కియా కార్ల పరిశ్రమ నిలబడగలిగింది. 2017లో ఒప్పందం, 2019లో మొదటి కారు అమ్మకం. హిందూపురం దాహం తీర్చడానికి పైపులు వేసింది కూడా గొల్లపల్లి నుంచే. ఇలాంటి పనికి అప్పు చేయకుండా, పన్నుల డబ్బు మిగిలేదాకా ఆగుదామనుకుంటే మన మనవళ్లు కూడా ట్యాంకర్ల వెంట పరుగెత్తేవారు. రేపు నీళ్లు తాగేవారు రేపు కొంత కట్టడం న్యాయమే.

అయితే కాలువ తవ్వడంతో ఖర్చు అయిపోదు. పంపులు తిరిగినన్నాళ్లూ కరెంటు ఛార్జీలు ఉంటాయి. అది రోజువారీ ఖర్చు. మంచి అప్పు కూడా తన వెనుక ఒక నెలసరి బిల్లును తెచ్చుకుంటుంది. కట్టేవారు దాన్ని ముందే లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు మళ్లీ 2025-26 బడ్జెట్ తెరవండి. రాష్ట్ర ద్రవ్యలోటు 79,926 కోట్లు అన్నాం కదా. అందులో రెవెన్యూ లోటు 33,185 కోట్లు. అంటే కొత్తగా చేసే ప్రతి 100 రూపాయల నికర అప్పులో 41 రూపాయలకు పైగా కాలువకూ కాదు, రోడ్డుకూ కాదు, ఆ ఏడాది గడవడానికే. మూలధన వ్యయానికి పెట్టుకున్నది 40,635 కోట్లు. కేంద్రంలోనూ ఈ జబ్బు ఉంది. అక్కడ లోటులో దాదాపు మూడో వంతు, 5.24 లక్షల కోట్లు, రెవెన్యూ లోటే. ఇంకొక అంకె చూస్తే నాకు నిద్ర పట్టలేదు. కేంద్రం ఆ ఏడాది కట్టే వడ్డీ 12.76 లక్షల కోట్లు, కొత్త లోటు 15.69 లక్షల కోట్లు. కొత్త అప్పులో ఐదింట నాలుగు వంతులు పాత అప్పు వడ్డీకి సరిసమానం.

ఎందుకు ఆగదు?

ఇంత తెలిసినవారు ఎందుకు ఆపరు? చదువుకున్న అధికారులు, అనుభవమున్న మంత్రులు అందరూ ఉన్నారు. జవాబు చెడ్డ మనుషుల్లో కన్నా పద్ధతిలోనే ఎక్కువ ఉంది.

మొదటిది, ఖర్చు గట్టిపడిపోతుంది, ఆదాయం ఊగుతుంది. జీతం, పింఛను, వడ్డీ ఈ మూడింటినీ ఏ ఏడాదీ ఆపలేరు. పన్నులేమో వాన మీద, వ్యాపారం మీద ఆధారపడతాయి. కోవిడ్ వచ్చిన 2020-21లో కేంద్రం లోటు స్థూల ఉత్పత్తిలో 9.2 శాతానికి ఎగబాకింది. ఆ రోజుల్లో అప్పు చేయకపోయి ఉంటే జనం ఆకలితో పోయేవారు. అది తప్పు కాదు.

తప్పు మంచి ఏళ్లలో జరుగుతుంది. ఐగుప్తులో యోసేపు చేసిన లెక్క మన సండేస్కూలు పిల్లలకు తెలుసు: పంట పండిన ఏడేళ్లలో ఐదో వంతు దాచు, కరవు ఏడేళ్లలో తీసి పంచు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండు ఆర్థికవేత్త కీన్స్ చెప్పినది కూడా దాదాపు ఇదే: మాంద్యంలో అప్పు చేసి ఖర్చు పెట్టు, మంచి రోజుల్లో మిగుల్చు. ప్రభుత్వాలు ఆ బోధలో మొదటి సగాన్ని కంఠస్థం చేశాయి, రెండో సగాన్ని మరిచాయి. 2007-08లో కేంద్రం లోటు 2.5 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ప్రపంచ సంక్షోభం, రైతు రుణమాఫీ, వేతన సంఘం సిఫారసులు కలిసి దాన్ని 6 శాతానికి తీసుకుపోయాయి. మళ్లీ ఆ 2.5 మొహం మనం చూడలేదు.

రెండోది, ఇచ్చింది వెనక్కి తీసుకోలేరు. మన హిందూపురం చరిత్రే దీనికి సాక్ష్యం. ఎన్.టి. రామారావు 1983లో ముఖ్యమంత్రి అయి కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. పేదవాని కంచంలో అన్నం చేరింది. అది ఎవరూ కాదనలేని మేలు. 1985 నుంచి ఆయన హిందూపురం శాసనసభ్యుడు. 1994లోనూ ఇక్కడి నుంచే గెలిచి, మద్య నిషేధం హామీ నిలబెట్టుకున్నారు. 1995 జనవరిలో నిషేధం అమల్లోకి వచ్చింది. సారా వ్యతిరేక ఉద్యమంలో నడిచిన నెల్లూరు తల్లుల కన్నీటికి అది జవాబు. మన సంఘాల్లో ఎన్ని కృతజ్ఞత కూడికలు జరిగాయో పెద్దలకు గుర్తుంటుంది. కానీ చౌక బియ్యం ఖర్చు ఒకవైపు, పోయిన మద్యం ఆదాయం మరొకవైపు ఖజానాను లాగాయి. 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం పెట్టి బియ్యం ధర మూడున్నర రూపాయలు చేసింది. 1997లో మద్య నిషేధం ఎత్తేసింది. మేలైన రెండు పనుల్లో ఏ ఒక్కదానికీ శాశ్వతమైన ఆదాయం ముందుగా చూసుకోలేదు. చివరికి పోయింది నిషేధం. మంచి ఉద్దేశం లెక్కకు బదులు కాలేదు.

మూడోది, మేలు పొందేవాడు ఎదురుగా ఉంటాడు, కట్టేవాడు ఇంకా పుట్టలేదు. 2019 డిసెంబరు 21న మన ధర్మవరంలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి నేతన్న నేస్తం మొదలుపెట్టారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24 వేలు. 2024 జూలై నుంచి ఇప్పటి ప్రభుత్వం వృద్ధులకు, వితంతువులకు, నేతన్నలకు నెలకు 4 వేల పింఛను ఒకటో తేదీన ఇంటి దగ్గర ఇస్తోంది. వీటిని ఎగతాళి చేసే నోరు నాది కాదు. ఆ 4 వేలతో మందులు కొనుక్కునే విధవరాళ్లు నా సంఘంలోనే ఉన్నారు. ప్రశ్న ఇవ్వాలా వద్దా అని కాదు. ఇచ్చే ప్రభుత్వం అదే నోటితో “దీనికి మీ మీద ఇంత పన్ను” అని చెప్పదు. చెబితే మనం ఓటు వెయ్యం. పథకం కావాలి, పన్ను వద్దు. ఈ రెండు కోరికలూ మనవే. వాటి మధ్య ఉన్న గుంటకే లోటు అని పేరు. ఐదేళ్లకోసారి ఓటు అడిగేవాడికి, ముప్పై ఏళ్ల తరువాత కట్టవలసిన పిల్లవాడు కనబడడు. వాడికి ఓటు లేదు.

నాలుగోది మన రాష్ట్రానికి ప్రత్యేకం. 2014 జూన్ 2న విభజన జరిగినప్పుడు ఉమ్మడి అప్పుల్లో చాలావరకు జనాభా లెక్కన పంచారు. 58.32 శాతం మన వైపు వచ్చింది. ఎక్కువ పన్నులు పండే హైదరాబాదు తెలంగాణలో ఉండిపోయింది. లోటు పూడ్చడానికి 14వ ఆర్థిక సంఘం ఐదేళ్లకు 22 వేల కోట్లకు పైగా సిఫారసు చేసింది గాని, రాజధాని లేని రాష్ట్రానికి అది చాలలేదు. పుట్టుకతోనే లోటు ఉన్న రాష్ట్రం మనది. అది నిజం. పదకొండేళ్ల తరువాత కూడా ప్రతి తప్పునూ ఆ పుట్టుక మీదే వేయడం మాత్రం నిజాయితీ కాదు.

కంచెలు, దొడ్డిదారులు

మరి అడిగేవారే లేరా? ఉన్నారు. రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే కేంద్రం అనుమతి కావాలి. 2003లో పార్లమెంటు ద్రవ్య బాధ్యత చట్టం చేసింది, 2005లో మన రాష్ట్రం చేసింది. లోటు 3 శాతం దగ్గర ఆగాలన్నది ఆ చట్టాల మూల సూత్రం. రాష్ట్ర ఖాతాలో డబ్బు అయిపోతే రిజర్వు బ్యాంకు కొద్ది రోజుల చేబదులు ఇస్తుంది. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. అది వరుసగా 14 పని దినాలు మించితే చెల్లింపులు ఆపేసే అధికారం బ్యాంకుకు ఉంది.

నోట్లు అచ్చువేసి తీర్చవచ్చు కదా అని యువకులు అడుగుతారు. ఒకప్పుడు కేంద్రం దాదాపు అదే చేసేది. తాత్కాలిక ట్రెజరీ బిల్లులు రాసిచ్చి రిజర్వు బ్యాంకు నుంచి డబ్బు తీసుకునేది. 1997లో ఆ పద్ధతి ఆపారు. ఎందుకంటే సరుకు పెరగకుండా నోటు పెరిగితే ధర పెరుగుతుంది. ధర పెరిగిన వేగంతో నేత కూలి పెరగదు. ఎవరూ ఓటు వేయని పన్ను అది, పేదవాడి మీద ముందు పడుతుంది.

కంచె వేస్తే దొడ్డిదారి వెతుకుతారు. ప్రభుత్వం నేరుగా చేస్తే బడ్జెట్ లెక్కలోకి వస్తుంది కనుక, ఒక కార్పొరేషన్ పేరుతో చేయించడం ఆ దారి. అన్ని పార్టీలూ ఈ దారి తొక్కాయి. 2018లో అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ బాండ్లు అమ్మి 2 వేల కోట్లు తెచ్చింది. 2020లో ఏర్పడిన రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ మద్యంపై రాబోయే ఆదాయాన్ని చూపి బ్యాంకుల దగ్గర వేల కోట్లు తీసుకుంది. 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లతో 8 వేల కోట్లకు పైగా సేకరించింది. 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్లు అమ్మింది. ఇలాంటి అప్పులను కూడా రాష్ట్రం పరిమితిలోనే లెక్కిస్తామని కేంద్రం 2022లో చెప్పింది. ఇన్ని దారుల వల్లనే రాష్ట్రం మొత్తం అప్పెంత అంటే ఒక్క జవాబు రాదు. 2024 జూలైలో ప్రభుత్వం శ్వేతపత్రంలో అన్ని బాకీలూ కలిపి 9.74 లక్షల కోట్లని చెప్పింది. ఆ లెక్క తప్పని ప్రతిపక్షం వాదించింది. ఇంటి అప్పెంతో ఇంట్లోవాళ్లే తేల్చుకోలేని స్థితి, అప్పు కన్నా ప్రమాదం.

మద్యం సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా రేటు పెంచుకోగల పన్నులు కొద్దిగానే మిగిలాయి. వాటిలో పెద్దవి పెట్రోలు, మద్యం. ఆ మద్యం ఆదాయాన్ని ముందే తాకట్టు పెడితే ఏమవుతుంది? తాగేవాడు రేపు మానేస్తే అప్పు కట్టే దారి మూసుకుపోతుంది. అంటే మన వీధిలో ఒక తండ్రి తాగుడు మానకుండా ఉండడం ఖజానాకు అవసరమైపోయింది. ఏ మంత్రీ అలా కోరుకోడు. కానీ అప్పు పత్రం ఆ మాటే చెబుతుంది. లోటు అంకెల సంగతి, మనకెందుకు అనుకునే విశ్వాసులకు నేను చూపించే చోటు ఇదే. 1995లో నిషేధానికి చప్పట్లు కొట్టిన మనం, 1997లో అది ఎందుకు పోయిందో ఆనాడే అర్థం చేసుకొని ఉంటే బాగుండేది.

ఎవరు కడతారు?

అప్పు తనను చేసినవారికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దుచేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. బానిసలకు కాదు, యజమానులకు! అందులో ఎక్కువ భాగం అప్పు చేసిన సొమ్ము. ఆ అప్పు తాలూకు చివరి బాండ్లు తీరింది 2015లో. విడుదలైన బానిసల వంశస్థులు కూడా బ్రిటన్‌లో పన్ను కట్టేవారిగా ఆ బాకీ మోశారు. 182 ఏళ్లు!

దగ్గర ఉదాహరణలు కూడా ఉన్నాయి. 1991లో విదేశీ మారకం అడుగంటి, మన రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని లండన్‌కు పంపి కుదువ పెట్టింది. ఆ దెబ్బ నుంచి దేశాన్ని బయటికి తెచ్చిన ప్రధాని మన తెలుగువారు పి.వి. నరసింహారావు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. పెట్రోలు కోసం, మందుల కోసం జనం వరుసల్లో నిలబడ్డారు. జపాన్ అప్పు తన ఏడాది ఉత్పత్తికి రెండింతలు మించినా నిలబడింది. ఎక్కువగా తన ప్రజల దగ్గరే, తన సొంత నాణెంలోనే తీసుకుంది కనుక. శ్రీలంక పరాయి నాణెంలో తెచ్చుకుంది. కాబట్టి ఎంత అప్పు అన్నది ఒక్కటే చాలదు. ఎవరి దగ్గర, ఏ నాణెంలో, దేనికోసం అన్నది ప్రశ్న.

లేపాక్షి గోడ

హిందూపురానికి దగ్గరలోని లేపాక్షికి బంధువులను చూపించడానికి తీసుకువెళ్లని కుటుంబం మన ప్రాంతంలో ఉండదు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో ఖజానా చూసిన విరూపణ్ణ ఆ ఆలయం కట్టించాడని, రాజు అనుమతి లేకుండా రాచసొమ్ము ఖర్చుచేశాడన్న ఆరోపణ వచ్చిందని, రాజు కళ్లు తీయించమంటే తానే తన కళ్లు పీకి గోడకు కొట్టాడని ఊరివారు చెబుతారు. ఆ ఎర్రటి మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు. కథ ఎంత నిజమో అటుంచండి. కల్యాణ మండపం మాత్రం సగంలో ఆగి ఇప్పటికీ అలాగే ఉంది.

నాకు ఆ కథలో రాజు శిక్ష నచ్చదు. కానీ అందులో ఒక సంగతి ఉంది: ఖజానా చూసేవాడిని లెక్క అడిగేవాడు ఒకడున్నాడు. ఈనాడు ఆ రాజు స్థానంలో ఉన్నది మనం. మనం మాత్రం అడగం. పథకం జాబితాలో నా పేరుందా అని అడుగుతాం గాని, దాని డబ్బు ఎక్కడిదని అడగం.

వచ్చే ఫిబ్రవరిలో బడ్జెట్ వచ్చినప్పుడు మూడు అడగండి. రెవెన్యూ లోటు తగ్గిందా, పెరిగిందా? మూలధన వ్యయానికి పెట్టిన డబ్బు ఏడాది చివరికి నిజంగా ఖర్చయిందా? కార్పొరేషన్ల పేరుతో చేసిన అప్పును కలిపి చెప్పారా? ఇంటికి ఓటడగడానికి వచ్చినవారిని, ఏ జెండా వారైనా, ఇవే అడగండి. మీ పథకం మంచిదే, పన్ను ఎంత వేస్తారు అని కూడా అడగండి. ఆ జవాబు వినే ధైర్యం మనకు ఉండాలి.

ధర్మవరం పెద్దాయనకు నా జవాబు ఇది. పెద్దయ్యా, వాళ్లకు భయం లేకపోవడానికి కారణం వాళ్లకు ముసలితనం లేకపోవడమే కాదు, అడిగేవాళ్లు లేకపోవడం కూడా. మీరు ముడిపట్టుకు చేసిన అప్పు చీరై బయటికి వస్తుంది, చీర అమ్మి తీరుస్తారు. సర్కారు కాలువకు చేసే అప్పు కూడా అలాంటిదే, దానికి జడవనక్కరలేదు. పొద్దు గడవడానికి చేసే అప్పు మగ్గం మీదికి ఎక్కదు. అది మీ మనవడి వీపు మీదికి ఎక్కుతుంది. మీ ఇంటామె నెల రోజులు మాట్లాడకపోవడంలో ఎంత జ్ఞానం ఉందో ఈసారి వచ్చినప్పుడు ఆమెకే చెబుతాను.